ఉద్యోగి మాట తప్పితే తప్పు బడిదా, ఇంటిదా?

జీడిమెట్లలో పది పదిహేను మంది పనివాళ్లతో లేత్ మెషీన్లు నడిపించే చిన్న యజమానికీ, గచ్చిబౌలిలో పెద్ద టీమును చూసుకునే సాఫ్ట్‌వేర్ మేనేజరుకూ ఉమ్మడిగా ఉన్న ఫిర్యాదు ఒకటుంది: కుర్రవాళ్లను నమ్ముకుని పని ఒప్పుకోలేకపోతున్నాం. జీతం పడిన మర్నాడు మనిషి రాడు, ఫోన్ చేస్తే స్విచాఫ్ వస్తుంది. ఆఫర్ లెటర్ తీసుకుని, చేరే తేదీ ఖరారు చేసుకున్నవాడు ఆ రోజు పొద్దున ఇంకో కంపెనీలో చేరిపోతాడు. శుక్రవారానికి ఇస్తానన్న పని గురించి శుక్రవారం సాయంత్రం దాకా ‘అయిపోతోంది సార్’ అంటూనే ఉంటాడు, సోమవారం చూస్తే అసలు మొదలే పెట్టలేదని తేలుతుంది. ఈ ఫిర్యాదు ఎక్కడ మొదలైనా చివరికి బళ్లో ఏం నేర్పుతున్నారు, ఇంట్లో ఎలా పెంచుతున్నారు అన్న ప్రశ్న దగ్గరికే చేరుతుంది.

జవాబు వెతికే ముందు ఫిర్యాదును కాస్త విడదీసి చూడాలి, ఎందుకంటే నమ్మకంగా ఉండడం లేదన్న ఒకే మాట కింద వేర్వేరు జబ్బులు చేరిపోయాయి. వేళకు రాకపోవడం, చెప్పకుండా నాగా పెట్టడం ఒకటి. నాలుగు రూపాయలు ఎక్కువ దొరకగానే నోటీసు గడువు పూర్తి చేయకుండా వెళ్లిపోవడం మరొకటి. చేయని ఉద్యోగానుభవాన్ని బయోడేటాలో రాసుకోవడం, ఆన్‌లైన్ ఇంటర్వ్యూలో తన బదులు ఇంకొకరిని కూర్చోబెట్టడం పూర్తిగా మోసం కిందకు వస్తాయి. దాన్ని పెంపకం ఖాతాలో రాయడం కంటే, ధర కట్టి అమ్మేవాళ్లున్న వ్యాపారంగా చూడడమే సరైనది. ఇక చివరిది, పని ఎక్కడో ఆగిపోయినా ఆ సంగతి పైవాళ్లకు చెప్పకుండా దాచడం. వీటన్నిటిలో యజమానికి ఎక్కువ నష్టం తెచ్చేదీ, బడితోనూ ఇంటితోనూ నేరుగా ముడిపడి ఉన్నదీ ఈ చివరిదే. రాని మనిషి బదులు ఇంకొకరిని పెట్టుకోవచ్చు గానీ, వచ్చి కూర్చుని అంతా సవ్యంగా ఉందని చెబుతున్న మనిషి దాచిన సంగతిని ముందుగా పట్టుకోవడం ఎవరి తరమూ కాదు.

ఆలస్యం విషయంలో హైదరాబాద్ గురించి ఒక మాట చెప్పి ముందుకు సాగవచ్చు. 2017 నవంబరులో మొదలైన మెట్రో మూడు మార్గాల్లో కలిపి 69 కిలోమీటర్ల మేర నడుస్తున్నా, జీడిమెట్ల, చర్లపల్లి, పటాన్‌చెరు వంటి పారిశ్రామికవాడల లోపలికి అది వెళ్లదు. గంటసేపు గట్టి వాన కురిస్తే కార్లూ బస్సులూ ఎక్కడివక్కడ నిలిచిపోయే నగరంలో, రెండు బస్సులు మారి, ఆపైన షేర్ ఆటో ఎక్కి వచ్చే మనిషి ఇరవై నిమిషాలు ఆలస్యమైతే అందుకు అతని తల్లిదండ్రులను తప్పుపట్టడం హాస్యాస్పదం.

బడి సంగతికి వస్తే, తెలుగు మధ్యతరగతి పిల్లల జీవితంలో ఇంటర్మీడియట్ రెండేళ్లు పనిపట్ల వైఖరిని మలిచినంతగా మరే దశా మలచదు. 1986లో ఎంసెట్ మొదలైన తర్వాత వేళ్లూనుకుని, తర్వాతి దశాబ్దాల్లో విస్తరించిన కార్పొరేట్ రెసిడెన్షియల్ కళాశాలల దినచర్య అందరికీ తెలిసిందే. తెల్లవారకముందే గంట కొట్టి లేపుతారు. స్నానానికీ టిఫినుకూ కొలిచినట్టు నిమిషాలు కేటాయిస్తారు. తరగతులు, స్టడీ అవర్లు, వారాంతపు పరీక్షలు రాత్రి పది దాకా సాగుతాయి. వార్డెన్ వరసల మధ్య తిరుగుతుంటాడు, ఇంటికి ఫోన్ చేసుకోవడానికీ ఒక రోజు ఉంటుంది. పదహారేళ్ల పిల్లవాడు ఈ రెండేళ్లలో ఏ సబ్జెక్టు ముందు చదవాలో తాను నిర్ణయించుకోడు, ఎప్పుడు పడుకోవాలో నిర్ణయించుకోడు, చదవలేకపోతే ఏం చేయాలన్నది కూడా ఇంకొకరే నిర్ణయిస్తారు. బయటి నుంచి చూసేవారికి ఇది గొప్ప క్రమశిక్షణగా కనిపిస్తుంది. కానీ ఇందులో పిల్లవాడు అలవరచుకున్నది, కనిపెట్టుకుని ఉండే మనిషి ఉన్నంతసేపు కదలకుండా కూర్చోవడం మాత్రమే. అలా పెరిగినవాడు ఇరవై రెండో ఏట ఇంటి నుంచి పనిచేసే ఉద్యోగంలో చేరి, లాప్‌టాప్ ముందు ఒంటరిగా కూర్చున్నప్పుడు, తన రోజును తానే నడిపించుకోవడం చేతకాకపోతే అందులో ఆశ్చర్యపడాల్సింది ఏముంది?

దీనికంటే లోతైన నష్టం ప్రయోగశాలలో జరుగుతోంది. ఇంటర్ రెండో సంవత్సరంలో భౌతిక, రసాయన శాస్త్రాలకు ఒక్కోదానికి 30 చొప్పున ప్రాక్టికల్ మార్కులుంటాయి. బైపీసీ వాళ్లకు వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం కూడా కలిసి ఇవి 120 అవుతాయి. పిల్లవాడు ఏడాది పొడవునా క్రమం తప్పకుండా హాజరై, కొలతలు తీసి, వచ్చిన అంకెను వచ్చినట్టు రాసుకోవాల్సిన పని మొత్తం చదువులో ఇదొక్కటే. చాలా కళాశాలల్లో జరిగేది వేరు. పరీక్షకు కొద్ది రోజుల ముందు సీనియర్ రికార్డు ఒకటి చేతులు మారుతుంది, లోలకం డోలనాల పట్టిక అందరి రికార్డుల్లోనూ ఒకే దశాంశాలతో కనిపిస్తుంది, ఆ కింద లెక్చరర్ సంతకం పడుతుంది, మార్కులు దాదాపు పూర్తిగా వస్తాయి. ఇంజినీరింగ్‌కు వచ్చేసరికి ఇదే పద్ధతి పెద్దదవుతుంది: చివరి ఏడాది ప్రాజెక్టును అమీర్‌పేటలోనో దిల్‌సుఖ్‌నగర్‌లోనో రిపోర్టూ బైండింగుతో సహా కొనుక్కోవచ్చు. హాజరు సంగతి కూడా ఇంతే. జేఎన్‌టీయూ హైదరాబాద్ నిబంధనల ప్రకారం 75 శాతం హాజరుండాలి. సరైన కారణం చూపితే 65 శాతం దాకా ఉన్న లోటును రుసుము కట్టించుకుని మన్నించవచ్చు. నిజంగా జబ్బుపడిన పిల్లలకు ఈ వెసులుబాటు తప్పనిసరి. కానీ సెమిస్టరు చివర లోటు జాబితా నోటీసు బోర్డు మీదికి ఎక్కిన వారంలో మెడికల్ సర్టిఫికెట్ల కోసం సాగే పరుగును దగ్గరగా చూసినవారికి, అక్కడ పిల్లలు ఏ పాఠం నేర్చుకుంటున్నారో వేరుగా చెప్పనక్కర్లేదు. రాకపోయినా ఫరవాలేదు, కాగితం సరిగ్గా ఉంటే చాలు.

విద్యాసంస్థల మీద పడే తప్పుల్లో ఇదే అన్నిటికంటే బరువైనదని ఈ వ్యాసం అభిప్రాయం. ఇల్లు పిల్లవాడికి ధ్రువపత్రం ఇవ్వదు, కళాశాల ఇస్తుంది. ప్రయోగం చేయని పిల్లవాడు చేశాడని సంతకం పెట్టే హక్కు దానికే ఉంది, ఆ సంతకాన్ని నమ్మే రేపటి యజమానిని మోసగించిన బాధ్యత కూడా దానిదే. ఫెయిల్ చేయకుండా పైతరగతికి పంపే పద్ధతి వల్లనే పిల్లలు చెడిపోయారన్న వాదన తరచూ వినిపిస్తుంది. 2009 విద్యాహక్కు చట్టంలోని 16వ సెక్షన్ ఎనిమిదో తరగతి దాకా పిల్లలను ఆపరాదని చెప్పిన మాట నిజమే, 2019 సవరణ ఆ నిర్ణయాన్ని రాష్ట్రాలకు వదిలిన మాటా నిజమే. కానీ ఐదో తరగతిలో తప్పిన పిల్లవాడు బడి మానేస్తాడే తప్ప బాధ్యత నేర్చుకోడు. ఫెయిల్ చేయని బడి కంటే చేయని పనికి మార్కులు వేసే బడే ఇక్కడ లెక్కలోకి తీసుకోవాల్సింది.

పరీక్ష మార్కులకూ నమ్మకానికీ మధ్య ఉన్న దూరాన్ని అమెరికా అనుభవం స్పష్టంగా చూపించింది. అక్కడ ఉన్నత పాఠశాల మధ్యలో మానేసినవారు తర్వాత జీఈడీ అనే సమాన స్థాయి పరీక్ష రాసి సర్టిఫికెట్ పొందవచ్చు. నోబెల్ పురస్కారం అందుకున్న ఆర్థికవేత్త జేమ్స్ హెక్‌మన్, యోనా రూబిన్‌స్టీన్‌తో కలిసి 2001లో ప్రచురించిన పరిశీలనలో, ఆ పరీక్ష గట్టెక్కినవారి తెలివితేటలు బడి పూర్తిచేసి కళాశాలకు వెళ్లని వారితో సమానంగా ఉన్నా, సంపాదన మాత్రం బడి మానేసినవారి స్థాయిలోనే ఉందని తేల్చారు. పరీక్ష కొలవనిది ఏదో ఉంది, మార్కెట్ దాన్ని కనిపెడుతోంది. మొదలుపెట్టిన పనిని విడవకుండా ఉండడం, రోజూ రావడం, పక్కవాడితో కలిసి సాగడం వంటి గుణాలను హెక్‌మన్ అందులో చేర్చారు. పదేళ్ల పాటు పిల్లవాడి ర్యాంకు ఒక్కటే చూసిన తర్వాత, ర్యాంకులో లేనిది అతనిలో ఉండాలని ఆశించడం మన దగ్గర కొత్తగా వచ్చిన వింత.

ఇప్పుడు ఇంటి వంతు. ‘నువ్వు చదువుకో చాలు, మిగతాది మేం చూసుకుంటాం’ అనే మాటలో ప్రేమ ఉంది, త్యాగం ఉంది, పిల్లవాడి భవిష్యత్తు గురించి నిజమైన భయమూ ఉంది. ఆ మాట ప్రకారం తల్లి లేపుతుంది, బ్యాగు సర్దుతుంది, సైన్స్ ఎగ్జిబిషన్‌కు థర్మాకోల్ నమూనాను తండ్రి తయారుచేస్తాడు, ఫీజు గడువునూ హాల్‌టికెట్‌నూ వాళ్లే గుర్తుపెట్టుకుంటారు. పిల్లవాడు తరగతికి రాకపోతే కళాశాల నుంచి సందేశం పోయేది కూడా తండ్రి ఫోన్‌కే; ఎందుకు రాలేదో లెక్చరర్‌కు చెప్పుకునేది కూడా తండ్రే. ఉద్యోగంలో చేరిన కొడుకుకు జ్వరం వస్తే సెలవు కోసం హెచ్‌ఆర్‌కు తల్లి ఫోన్ చేసే సందర్భాలు ఈ వరసలో వచ్చినవే గానీ, ఊడిపడ్డవి కావు. ఇంట్లో ఒక పని పూర్తిగా తనదే అయి, తాను చేయకపోతే ఇంటిల్లిపాదికీ ఇబ్బంది కలిగే అనుభవం ఈ పిల్లలకు దాదాపు లేదు. నల్లా వచ్చే వేళకు డ్రమ్ములు నింపాల్సిన బాధ్యత పదేళ్ల పిల్లకు అప్పగించిన ఇళ్లలో, ఆ పిల్ల మరిచిపోతే ఆ రోజు వంటకు నీళ్లుండేవి కావు. ఆమెకు సంజాయిషీ నోటీసు ఎవరూ ఇవ్వనక్కర్లేకపోయింది. పాత రోజులను పొగడడానికి ఈ మాట చెప్పడం లేదు. అలా పెరిగిన పిల్లల్లో చాలామంది, ముఖ్యంగా ఆడపిల్లలు, ఆ పనుల వల్లనే బడికి దూరమయ్యారు. 

అయితే తల్లిదండ్రులంటే అందరూ ఒకటి కాదు. నగరంలో ఫిర్యాదు చేసేవారూ ఫిర్యాదుకు గురయ్యేవారూ తరచూ వేర్వేరు తరగతుల నుంచి వస్తారు. పదో తరగతి తప్పి మెకానిక్ షెడ్డులో చేరి, షట్టరు తాళాలు తన దగ్గరే ఉంచుకుని రోజూ పొద్దున అందరికంటే ముందు వచ్చే పిల్లవాడు ఈ నగరంలోని ఏ బస్తీలోనైనా కనిపిస్తాడు. అతని బడి అధ్వానమైనదే కావచ్చు, తల్లిదండ్రులు అతని హోంవర్కు ఎన్నడూ చూసి ఉండకపోవచ్చు. అతని చేతికి తాళాలు ఇచ్చారు, తెరవకపోతే నష్టం ఏమిటో రోజూ కళ్లారా చూస్తున్నాడు, తేడా అంతా అక్కడుంది. బడి, ఇల్లు అనే రెండు నిందితుల మధ్య తీర్పు చెప్పేవారు ఈ కుర్రాడిని ఏ వైపు నిలబెట్టాలో తేల్చుకోలేరు.

దాచే అలవాటు దగ్గరికి మళ్లీ రావాలి. ప్రోగ్రెస్ కార్డు మీద లెక్కల్లో 23 మార్కులు ఎర్ర సిరాతో రాసి ఉన్నాయనుకుందాం. పిల్లవాడు దాన్ని తండ్రికి చూపిస్తే నాలుగు తగులుతాయి, కనీసం పక్కింటి పిల్లవాడితో పోలిక తప్పదు. చూపించకుండా నాన్న సంతకం తానే పెట్టుకుంటే, పట్టుబడనంతకాలం ఇల్లు ప్రశాంతంగా ఉంటుంది. అర్థం కాలేదని తరగతిలో లేచి అడిగితే ‘ఇంతసేపూ ఏం చేస్తున్నావ్’ అన్న ఎదురుప్రశ్న వస్తుంది, అర్థమైందా అంటే అందరితోపాటు అర్థమైందని అంటే ఏ గొడవా ఉండదు. పిల్లలను కొట్టడాన్నీ మానసికంగా వేధించడాన్నీ విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ నిషేధించినా, చెడు కబురు మోసుకొచ్చినవాడికి శిక్ష అన్న సూత్రం బడిలోనూ ఇంటిలోనూ చెక్కుచెదరలేదు. పన్నెండేళ్లు ఈ శిక్షణ పొందినవాడు ఆఫీసులో ‘అయిపోతోంది సార్’ అనడం బద్ధకం వల్ల కాకపోవచ్చు. అతనికి తెలిసిన అత్యంత సురక్షితమైన వాక్యం అదే. ఈ ఒక్క విషయంలో బడికీ ఇంటికీ చెరి సగం తప్పు పంచవచ్చు, ఆపైన మేనేజరు కూడా అదే గొంతుతో మాట్లాడితే అతనికీ వాటా ఉంటుంది.

పిల్లల్లో ఓర్పూ నిగ్రహమూ పుట్టుకతో వస్తాయా, పరిసరాల నుంచి వస్తాయా అన్న చర్చలో ఒక చిన్న ప్రయోగం ఇక్కడ చాలా పనికొస్తుంది. స్టాన్‌ఫర్డ్‌లో వాల్టర్ మిషెల్ ప్రసిద్ధం చేసిన మార్ష్‌మాలో పరీక్షలో, ఎదురుగా ఉన్న మిఠాయిని కాసేపు తినకుండా ఆగితే రెండోది ఇస్తామని పిల్లలకు చెబుతారు. ఆగగలిగిన పిల్లలు పెద్దయ్యాక బాగా రాణించారన్న ప్రచారం దాంతో వచ్చింది. 2018లో టైలర్ వాట్స్ బృందం ఎక్కువమంది పిల్లల వివరాలతో మళ్లీ పరిశీలించినప్పుడు, కుటుంబ నేపథ్యాన్ని లెక్కలోకి తీసుకోగానే ఆ సంబంధం చాలావరకు పలచబడిపోయింది. అంతకంటే ఆసక్తికరమైనది రోచెస్టర్ విశ్వవిద్యాలయంలో సెలెస్ట్ కిడ్ బృందం చేసి 2013లో ప్రచురించిన పరిశోధన. మూడు నుంచి ఐదేళ్ల పిల్లలు 28 మందిని రెండు జట్లు చేశారు. మంచి రంగులూ స్టిక్కర్లూ తెచ్చిస్తామని రెండు జట్లకూ చెప్పి, ఒక జట్టుకు అన్నట్టే తెచ్చి ఇచ్చారు, రెండో జట్టుకు అవి లేవంటూ ఉత్త చేతులతో తిరిగి వచ్చారు. ఆ తర్వాత మిఠాయి పరీక్ష పెడితే, మాట నిలబెట్టుకున్న పెద్దవాళ్లను చూసిన 14 మందిలో తొమ్మిది మంది పూర్తిగా పదిహేను నిమిషాలు ఆగారు. మాట తప్పిన పెద్దవాళ్లను చూసిన 14 మందిలో ఒక్కరే ఆగారు. ప్రయోగం చిన్నదే. అయినా చేతిలో ఉన్నది తినేయడం ఆ పిల్లల కోణంలో తెలివైన పనేనని ఒప్పుకోకతప్పదు.

ఈ దృష్టితో హైదరాబాద్ ఉద్యోగ మార్కెట్‌ను చూస్తే యజమానులు సౌకర్యంగా మరిచిపోయే భాగం బయటపడుతుంది. 2022, 2023 సంవత్సరాల్లో ఎందరో ఇంజినీరింగ్ పట్టభద్రులు ఆఫర్ లెటర్లు చేతిలో పెట్టుకుని నెలల తరబడి పిలుపు కోసం చూశారు. కొందరి ఆఫర్లు రద్దయ్యాయి. అది చూసిన వెనకటి బ్యాచ్ రెండు మూడు ఆఫర్లు దగ్గర పెట్టుకోవడం మొదలుపెడితే దానికి విలువల పతనం అని పేరు పెట్టడం అన్యాయం. కంపెనీ ఎప్పుడు వద్దంటే అప్పుడు బయటికి పంపగలిగే ఒప్పందంలో, ఉద్యోగి మాత్రం తొంభై రోజుల నోటీసు ఇవ్వాలన్న షరతు ఉంటే, ఆ షరతును అతను నైతిక బాధ్యతగా భావించడు. చిన్న పరిశ్రమల్లో మాట తప్పడం జీతంతోనే మొదలవుతుంది. వెయ్యిమందిలోపు పనివాళ్లున్న సంస్థలు మరుసటి నెల 7వ తేదీలోగా వేతనం ఇవ్వాలని 1936 నాటి చట్టం చెప్పింది, 2019 వేతనాల కోడ్ కూడా నెల జీతాలకు అదే గడువును ఉంచింది. పార్టీ నుంచి పేమెంటు రాలేదని 12కీ 15కీ జరిపే యజమాని, ఆలస్యంగా జీతం చేతికొచ్చిన మర్నాడు మనిషి ఊరికి వెళ్లి అప్పు తీర్చి వస్తే నాగా కింద కోస్తాడు. ఏళ్ల తరబడి ఒకే గేటు లోపల పనిచేస్తున్నా కాగితాల మీద ప్రతిసారీ కొత్త కాంట్రాక్టరు మనిషిగా చేరే కార్మికుడి నుంచి సంస్థ పట్ల విశ్వాసం ఆశించడానికి ఆధారం ఏమిటో చెప్పడం కష్టం.

మనుషులు మారకుండానే నడవడి మారుతుందనడానికి అందరికీ తెలిసిన ఉదాహరణ ఫోర్డ్ కర్మాగారం. 1913లో డెట్రాయిట్‌లో ఆ కంపెనీకి కార్మికుల వలస, అంటే పని మానేసి వెళ్లిపోవడం, ఏడాదికి 370 శాతం ఉండేది. అంటే ఒక్కో కుర్చీని నిండుగా ఉంచడానికి ఏడాదిలో దాదాపు నలుగురిని తెచ్చుకోవాల్సి వచ్చేది. 1914 జనవరిలో హెన్రీ ఫోర్డ్ తొమ్మిది గంటలకు 2.34 డాలర్లున్న రోజు కూలిని ఎనిమిది గంటలకు 5 డాలర్లు చేశాడు. 1915 నాటికి ఆ వలస 16 శాతానికి పడిపోయింది. ఆ ఏడాదిన్నరలో డెట్రాయిట్ కార్మికుల తల్లిదండ్రులు మారలేదు, వాళ్లు చదివిన బళ్లూ మారలేదు. (ఫోర్డ్ మహాత్ముడేమీ కాదు, కూలీల ఇళ్లకు మనుషులను పంపి వాళ్ల తాగుడూ పొదుపూ ఆరా తీయించి, సరిపోయినవారికే ఆ కూలి ఇచ్చాడు.) అప్పటి ఆర్థిక మాంద్యం వల్ల బయట పనులు తగ్గడం కూడా కొంత కారణమే గానీ, ఇంత తేడాను అదొక్కటే తీసుకురాలేదు.

బాలానగర్‌లోని చిన్న యూనిట్ ఫోర్డ్ లాగా కూలి రెట్టింపు చేయలేదు, అది నిజం. తెలంగాణ ప్రభుత్వం 2024లో టాటా టెక్నాలజీస్‌తో కలిసి 65 ఐటీఐలను అధునాతన సాంకేతిక కేంద్రాలుగా మార్చే పని మొదలుపెట్టింది. అక్కడ కొత్త యంత్రాలు నేర్పవచ్చు, వేళకు రావడాన్నీ చెడు కబురు చెప్పడాన్నీ మాత్రం పని జరిగే చోటే నేర్పాలి. అందుకు పెద్ద ఖర్చు కూడా అవసరం లేదు. జీతం అన్న తేదీకి పడాలి. దసరాకూ సంక్రాంతికీ ఎవరు ఊరెళ్తారో నెల ముందే గోడ మీద పట్టిక రాయించి, వంతులు వాళ్లనే తేల్చుకోనివ్వాలి. పనిముట్ల గది తాళమో, ఒక కస్టమరు ఆర్డరో పూర్తిగా ఒకరి చేతికి ఇవ్వాలి. పని అయిందా అని అడిగితే అయిపోతోందనే జవాబే వస్తుంది. ఎక్కడ ఆగిందని అడిగి, చెప్పినవాణ్ని ఆ పూట తిట్టకుండా ఉండగలిగితే, కొన్ని వారాల్లో ఆగిన చోట్లు బయటపడడం మొదలవుతుంది.

ఇవన్నీ చేసిన తర్వాత కూడా మారని మనుషులుంటారు. వాళ్ల విషయంలో బడినీ ఇంటినీ తవ్వుకుంటూ కూర్చోవడం వల్ల యజమానికి ఒరిగేదేమీ లేదు. మూడు నెలలో ఆరు నెలలో ప్రొబేషన్ పెట్టుకున్నది అందుకే. చాలా సంస్థల్లో ఆ గడువు ఎవరూ గమనించకుండానే గడిచిపోతుంది. కన్ఫర్మేషన్ లెటర్ కంప్యూటరులోంచి తనంతట తానే వెళ్తుంది, ఫిర్యాదు ఏడో నెలలో మొదలవుతుంది.